తుపాను లేదు, గాలి లేదు: నవంబరులో సముద్రం రెండు మెట్లు ఎందుకు ఎక్కుతోంది?

మెట్లలెక్క
విశాఖలో మా వెనక వీధి దాటితే పాత రేవు మెట్లు ఉన్నాయి. మొత్తం పదకొండు. ఎనిమిదో మెట్టు అంచు విరిగి ఇనుప చువ్వ బయటికి కనిపిస్తుంది. మా నాన్న వేట మానేశాక రోజూ పొద్దున్నే పదో మెట్టు మీద కూర్చుంటారు. ఆయనకు తోడుగా వెళ్తూ నాకూ ఒక పిచ్చి పట్టుకుంది. ప్రతి పున్నమికీ పోటు నిండిన వేళ నీరు ఏ మెట్టు దాకా వచ్చిందో చిన్న పుస్తకంలో రాస్తున్నాను. రెండేళ్లయింది.

మార్చి పున్నమికి ఆరో మెట్టు తడిసింది, ఏడోది పొడి. నవంబరు పున్నమికి ఎనిమిదో మెట్టు మునిగి చువ్వ కనబడలేదు. టేపు పెట్టి కొలిచాను, ఒక్కో మెట్టు 17 సెంటీమీటర్లు. ఆ రెండు రోజులూ గాలి లేదు, తుపాను కబురు లేదు, నీరు నూనె పోసినట్టు ఉంది. నిరుడూ ఇంతే.

ఎవరిని అడిగినా "భూతాపం" అని చేతులు దులుపుకుంటున్నారు. భూతాపమైతే మార్చికల్లా మళ్లీ దిగిపోదు కదా? మా అబ్బాయి తొమ్మిదో తరగతి. "భూమి తిరగడం వల్లేమో నాన్నా" అన్నాడు. భూమి మార్చిలో కూడా తిరుగుతూనే ఉంది కదరా అన్నాను. కానీ వాడి మాట కొట్టిపారేయడానికి నా దగ్గర వేరే జవాబు లేదు.

ఉప్పుగాలి
పున్నమి పోటులన్నీ ఒకే ఎత్తు ఉండవు. చంద్రుడు ఒక నెల దగ్గరగా, ఒక నెల దూరంగా ఉంటాడు. రెండు పున్నములు పోల్చి తీర్పు చెప్పకండి.

మెట్లలెక్క
రెండు కాదు, ఇరవై నాలుగు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ ఎప్పుడూ కింద. అక్టోబరు, నవంబరు, డిసెంబరు ఎప్పుడూ పైన. పైగా రాత్రీపగలూ సమానమయ్యే మార్చిలో పోటు ఎక్కువ ఉండాలని మీరే ఇంకో చర్చలో రాశారు.

ఉప్పుగాలి
రాశాను. సరే, నా మాట వెనక్కి.

గోదారిగట్టు
ఇందులో పెద్ద రహస్యం ఏముంది? వానాకాలం వెళ్లేసరికి గోదావరి, మహానది, గంగ, బ్రహ్మపుత్ర అన్నీ బంగాళాఖాతంలోనే కుమ్మరిస్తాయి. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. తేలిక నీరు ఎక్కువ చోటు తీసుకుంటుంది, మట్టం లేస్తుంది. వేసవికి ఆ నీరు కలిసిపోతుంది, మట్టం దిగుతుంది. లెక్క తీరింది.

సందేహాలరావు
నదులు కొంత నిజం. నా ఓటు మాత్రం గాలికి. నవంబరులో ఈశాన్య గాలి, ఏప్రిల్లో నైరుతి గాలి. ఒకటి నీటిని ఒడ్డుకు తోస్తుంది, ఇంకోటి లోపలికి తోస్తుంది.

మెట్లలెక్క
రావుగారూ, ఈశాన్య గాలి మా తీరం వెంట సమాంతరంగా వీస్తుంది, ఒడ్డుకు ఎదురుగా కాదు. మరి ఒడ్డుకు ఎలా తోస్తుంది?

సందేహాలరావు
అదే నాకూ తెలియదు. ఎక్కడో చదివాను.

పాతరేడియో
సముద్రం కొలిచే ఉద్యోగంలో ముప్ఫై ఏళ్లు ఉండి దిగినవాణ్ణి. తొమ్మిదో తరగతి అబ్బాయి చెప్పిందే సరైన కొస. ముందు రావుగారి గాలి సంగతి.

విశాఖ బీచ్‌లో గాలికి వీపు పెట్టి నిలబడండి. నవంబరులో మీ ముఖం కాకినాడ వైపు ఉంటుంది. కుడి చెయ్యి చాపితే అది ఊరి వైపు చూపిస్తుంది. ఏప్రిల్లో ముఖం భీమిలి వైపు, కుడి చెయ్యి సముద్రం వైపు. భూమి తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో కదిలే ప్రతిదీ కుడికి ఒరుగుతుంది. గాలి పై నీటిని లాగుతుంది, ఆ నీరు తన కింది పొరను లాగుతుంది, ఒక్కో పొర ఇంకాస్త కుడికి తిరుగుతుంది. మొత్తం కలిపి చూస్తే నీరు గాలి వెంట పోదు, గాలికి సరిగ్గా కుడి చేతి వైపు పోతుంది. నార్వే అన్వేషకుడు నాన్సెన్ తన ఫ్రామ్ ఓడను 1893లో ఉత్తర ధ్రువపు మంచులో ఇరికించి మూడేళ్లు కొట్టుకుపోయినప్పుడు మంచు గాలికి కుడి పక్కగా జరగడం గమనించాడు. స్వీడన్ శాస్త్రవేత్త ఎక్మన్ 1905లో దానికి గణితం రాశాడు. కాబట్టి తీరానికి సమాంతరంగా వీచే గాలి కూడా నవంబరులో నీటిని మెట్ల మీదికి ఎక్కిస్తుంది, ఏప్రిల్లో లోపలికి లాగి, కింది చల్లనీటిని పైకి తెస్తుంది. 1950ల్లో లాఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పరిశీలించింది ఈ చల్లనీటినే.

అయితే ఇది సగమే. ఒక ప్రశ్న: మీ పుస్తకంలో అక్టోబరు పున్నమికే మట్టం లేచిందా, ఈశాన్య గాలి స్థిరపడ్డాకనా?

మెట్లలెక్క
అక్టోబరుకే ఏడో మెట్టు సగం. మా నాన్న అంటారు, "అసలు గాలి దీపావళి దాటాక గానీ రాదు" అని.

పాతరేడియో
అదీ. గాలి రాకముందే నీరు వచ్చింది. మిగతాది రాత్రి భోజనం అయ్యాక రాస్తాను.

కుడిచేతివాటం
కదిలే ప్రతిదీ కుడికి ఒరుగుతుందంటే మా ఇంటి సింకులో నీరు ఎడమకు సుడి తిరుగుతుంది ఎందుకు? మా ఆవిడ ప్రయోగం చేసి మరీ చూపించింది.

బడిపంతులు
సింకు సుడికీ భూమికీ సంబంధం లేదు. గిన్నె కడిగిన చేతి విసురు చాలు సుడిని తిప్పడానికి. 1962లో అమెరికాలోని ఎంఐటీలో షాపిరో అనే ఆయన ఆరడుగుల వెడల్పు గుండ్రటి తొట్టి నింపి, ఇరవై నాలుగు గంటలు నీటిని కదలనివ్వకుండా ఉంచి, అప్పుడు అడుగున బెజ్జం తెరిచాడు. అప్పుడుగానీ భూమి పని కనిపించలేదు. నీరు గడియారానికి ఎదురు దిశలో తిరిగింది.

కుడిచేతివాటం
ఇరవై నాలుగు గంటలు సింకు ముట్టుకోవద్దంటే మా ఇంట్లో అంట్లు ఎవరు తోముతారు మాస్టారూ.

పాతరేడియో
భోజనం అయింది.

కథ మన తీరంలో మొదలవదు, భూమధ్యరేఖ మీద మొదలవుతుంది. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మేలో ఒకసారి, అక్టోబరు–నవంబరులో ఒకసారి, హిందూ మహాసముద్రం నడుమ పడమటి గాలులు వీస్తాయి. వాటి వెంట నీరు సన్నటి ధారగా తూర్పుకు దూసుకుపోతుంది. విర్ట్కీ అనే ఆయన 1973లో దీన్ని బయటపెట్టాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. ఆ తోపుతో పాటే ఒక తరంగం తూర్పుకు బయలుదేరుతుంది. దాన్ని కెల్విన్ తరంగం అంటారు. కెరటం అని ఊహించుకోకండి. పొడవు వేల కిలోమీటర్లు, ఒక చోటు దాటడానికి వారాలు పడుతుంది. పైన మట్టం లేచేది జానెడు అటూఇటూ. కింద, వెచ్చని నీటికీ చల్లని నీటికీ మధ్య ఉన్న సరిహద్దు మాత్రం పదుల మీటర్లు కిందికి కుంగుతుంది. అసలు తరంగం అక్కడ ఉంది. మీ మెట్ల మీద కనిపించేది దాని నీడ.

వేగం సెకనుకు సుమారు రెండున్నర మీటర్లు, అంటే రోజుకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఆఫ్రికా నుంచి సుమత్రా దాకా భూమధ్యరేఖ మీద దాదాపు ఆరు వేల కిలోమీటర్లు. ఒక నెల. సుమత్రా గోడ తగలగానే రెండుగా చీలుతుంది. దక్షిణం పాయ జావా వైపు పోతుంది. ఉత్తరం పాయ మనది. అండమాన్ సముద్రం, మయన్మార్, బంగ్లాదేశ్, ఒడిశా, శ్రీకాకుళం మీదుగా విశాఖ. ఒడ్డు వెంట కొలిస్తే సుమారు నాలుగు వేల కిలోమీటర్లు, మూడు వారాలు. మీ ఎనిమిదో మెట్టును ముంచిన దాంట్లో కొంత వాటా, వారాల కిందట ఎక్కడో నడిసముద్రంలో వీచిన గాలిది.

ఉప్పుగాలి
మలుపులు తిరుగుతూ ఒడ్డు పట్టుకునే ఎందుకు రావాలి? సుమత్రా నుంచి తిన్నగా అడ్డంగా వచ్చేయవచ్చు కదా.

పాతరేడియో
భూమి రానివ్వదు. ఒడ్డున నీరు కుప్పగా లేచిందనుకోండి. సహజంగా అది లోపలికి జారి చదును కావాలి. కానీ ఆ కుప్ప, ఒడ్డును కుడి చేతి వైపు ఉంచుకుని ప్రయాణిస్తుంటే, కుడికి తోసే బలం దాన్ని ఒడ్డుకే అదిమి పడుతుంది. జారే బలానికీ అదిమే బలానికీ సరిపోతుంది. అది చెరువు కట్టను ఆనుకుని నడిచే గుడ్డివాడి లాంటిది, కుడి చెయ్యి కట్ట మీద నుంచి తియ్యదు. ఎదురు దిశలో వెళ్లబోతే అదే బలం లోపలికి నెట్టేస్తుంది, తరంగం నిలవదు. అందుకే ఇది ఒంటిదారి. బంగాళాఖాతం చుట్టూ గడియారానికి ఎదురుగా మాత్రమే తిరుగుతుంది. విశాఖ దగ్గర దీని ప్రభావం ఒడ్డు నుంచి యాభై అరవై కిలోమీటర్ల దాకా, ఆ తరవాత మాసిపోతుంది.

దక్షిణార్ధగోళంలో ఎడమ చెయ్యి. జావా వైపు వెళ్లిన పాయ ఒడ్డును ఎడమ పక్క ఉంచుకుని పోతుంది.

తొమ్మిదోతరగతి_తల్లి
మా అమ్మాయిదీ అదే తరగతి. పుస్తకంలో భూమధ్యరేఖ దగ్గర ఈ బలం సున్నా అని ఉంది. సున్నా అయితే తరంగం అక్కడ రేఖను పట్టుకుని ఎలా వెళ్తుంది? అక్కడ ఒడ్డు కూడా లేదు.

పాతరేడియో
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నల్లో ఇదే గట్టిది. మీ అమ్మాయికి చెప్పండి: రేఖ మీద సున్నా, కానీ రెండు పక్కలా సున్నా కాదు. తూర్పుకు పోతున్న నీరు కాస్త ఉత్తరానికి తప్పిందా, అక్కడ కుడికి తోపు, అంటే మళ్లీ దక్షిణానికి, రేఖ వైపు. దక్షిణానికి తప్పిందా, అక్కడ ఎడమకు తోపు, మళ్లీ ఉత్తరానికి, రేఖ వైపు. బండి చక్రం గాడిలో పడినట్టు. రెండు పక్కలా గట్లు లేకపోయినా గాడి ఉంది. పడమరకు పోబోతే రెండు తోపులూ బయటికే నెడతాయి, కాబట్టి భూమధ్యరేఖ కెల్విన్ తరంగం తూర్పుకు మాత్రమే. జపాన్‌కు చెందిన మత్సునో 1966లో ఈ లెక్కలన్నీ ఒకేచోట తేల్చాడు. పసిఫిక్‌లో ఎల్ నినో రాజుకునేదీ ఈ గాడిలోనే. పడమటి పసిఫిక్‌లో గాలి తిరగబడితే రెండు మూడు నెలల్లో పెరూ ఒడ్డున నీరు వేడెక్కుతుంది.

సందేహాలరావు
అన్నిటికీ సుమత్రాయేనా? పాతరేడియో గారూ, మీ తరంగం వచ్చే వేళకు నదుల నీరూ వస్తుంది, మన గాలీ వస్తుంది. ఎనిమిదో మెట్టు మీద ఎవరి పేరు రాసి ఉందో ఎలా తెలుస్తుంది?

పాతరేడియో
మెట్టు మీద రాసి ఉండదు, నిజమే. అందుకే కంప్యూటర్‌లో ఒక్కొక్క కారణాన్ని ఆపేసి చూశారు. 1996లో మెక్‌క్రియరీ అనే శాస్త్రవేత్త, మన గోవా సముద్ర విజ్ఞాన సంస్థ వారు కలిసి తూర్పు తీర ప్రవాహానికి నాలుగు కారణాలు విడదీశారు. మన తీరం మీది గాలి, బంగాళాఖాతం ఉత్తర, తూర్పు అంచుల మీది గాలి, నడిసముద్రం మీద గాలి సుడి, భూమధ్యరేఖ నుంచి వచ్చే కబురు. ఏదో ఒకటి మాత్రమే అని తేలలేదు. ఒక్కో కాలంలో ఒక్కో దాని చెయ్యి పైన. మీ గాలికి మంచి వాటా ఉంది, కాదనను. గోదారిగట్టు గారి నదులకూ ఉంది.

గోదారిగట్టు
వాటా ఒప్పుకున్నందుకు సంతోషం. "లెక్క తీరింది" అన్న మాట వెనక్కి తీసుకోను, కానీ కింద చిన్న అక్షరాల్లో "కొంతవరకు" అని చేర్చుకోండి.

సందేహాలరావు
ఇంకో ముడి. 2004 డిసెంబరు 26న సునామీ కూడా సుమత్రా నుంచే వచ్చింది. అది ఒడ్డు పట్టుకుని మూడు వారాలు నడవలేదు. తిన్నగా అడ్డంగా వచ్చి మూడు గంటల్లోపే మన మీద పడింది. దానికి భూమి తిరగడం లేదా?

పాతరేడియో
దీనికీ సింకుకూ ఒకే జవాబు. ప్రతి ఊరికీ భూభ్రమణపు గడియారం ఒకటి ఉంటుంది. నీటిని ఒకసారి తోసి వదిలేస్తే, కుడికి ఒరుగుతూ ఒరుగుతూ పూర్తి చుట్టు తిరగడానికి పట్టే కాలం అది. ధ్రువం దగ్గర 12 గంటలు. విశాఖలో 39 గంటల పైచిలుకు. ఒక పని ఆ గడియారం కంటే చాలా త్వరగా అయిపోతే భూమికి దాన్ని తిప్పే వ్యవధి ఉండదు. సింకు ఒక నిమిషం. సునామీలో ఒక అల తరవాత ఇంకో అలకు ఇరవై, నలభై నిమిషాలు. 39 గంటల ముందు అదెంత? నెలల తరబడి సాగే తరంగం మాత్రం పూర్తిగా భూమి చేతికి చిక్కుతుంది. రోజుకు రెండుసార్లు వచ్చే పోటు మధ్యరకం.

ఇది కాగితం మీది గడియారం కాదు. బంగాళాఖాతంలో తుపాను దాటిపోయాక లంగరేసిన బోయాల దగ్గర పై నీరు రోజుల తరబడి కుడికి సుడులు తిరుగుతూనే ఉంటుంది.

సింగపూర్_ముచ్చట్లు
మా ఊరి గడియారం ఎంత?

పాతరేడియో
సింగపూర్ 1.3 డిగ్రీలు కదా. సుమారు 22 రోజులు.

సింగపూర్_ముచ్చట్లు
అందుకేనా మాకు తుపాన్లు రావంటారు? అయితే 2001 డిసెంబరులో వామెయ్ వచ్చింది. ఒకటిన్నర డిగ్రీ దగ్గర, పక్కనే జోహోర్‌లో తీరం దాటింది. ఇక్కడ పాత కాపురస్తులు ఇప్పటికీ చెప్పుకుంటారు. భూమధ్యరేఖకు అయిదు డిగ్రీల లోపల తుపాను పుట్టదని బడిలో చదివిన వాక్యం ఆ రోజుతో నీరుగారిపోయింది.

బడిపంతులు
వాక్యం నీరుగారలేదు, "సాధారణంగా" అన్న మాట తగిలించాలి, అంతే. అక్కడ గాలిని తిప్పే శక్తి తక్కువ. కానీ దక్షిణ చైనా సముద్రం మీదుగా ఈశాన్య గాలి ఉప్పెనలా దిగి, బోర్నియో పక్కన ముందే ఉన్న సుడి తోడైతే, భూమి చెయ్యాల్సిన పనిలో కొంత అవి చేసిపెడతాయి.

కుడిచేతివాటం
కుడికి తోస్తే తుపాను ఎడమకు తిరుగుతుంది ఎందుకు? ఈసారి సింకు కాదు, నిజంగానే అడుగుతున్నాను.

ఉప్పుగాలి
నలువైపుల నుంచీ గాలి నడిమధ్యకు దూసుకొస్తుంది. ప్రతి గాలీ కాస్త కుడికి తప్పుతుంది, అంటే కేంద్రం దానికి ఎడమ పక్కన మిగిలిపోతుంది. అయినా కేంద్రం లాగుతూనే ఉంటుంది. ఎడమకు లాగుడు పడుతూ చుట్టూ తిరిగితే అది గడియారానికి ఎదురు దిశ.

దివిసీమ_మనవడు
ఈ కుడి ఎడమలు మా ఇంట్లో కబుర్లు కావు. 1977 నవంబరు 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. మా ఊరు దానికి ఉత్తరాన, అంటే తుపాను నడిచే దారికి కుడి పక్క. గడియారానికి ఎదురుగా తిరిగే గాలి ఆ పక్కన సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. ఎడమ పక్కన నేల నుంచి సముద్రం మీదికి. ఒకే తుపాను, ఒక పక్క నీరు తెచ్చి పోసింది, ఇంకో పక్క నీటిని లోపలికి నెట్టింది. మా నాయనమ్మ తాటిచెట్టు పట్టుకుని బతికింది. ఆ చెట్టు మొన్నమొన్నటి దాకా ఉండేది. తుపాను కబురు వస్తే నేను ముందు చూసేది ఎంత బలమైనది అని కాదు, ఎక్కడ దాటుతుంది, మేము ఏ పక్కన ఉన్నాం అని.

మెట్లలెక్క
చదివి కాసేపు ఫోను పక్కన పెట్టాను.

చికాగో_చలిమంట
రెండు రోజులుగా చదువుతున్నాను. నీటి మాటలే, గాలిలో తరంగాల మాట లేదు. 2019 జనవరి 30న ఇక్కడ ఉష్ణోగ్రత మైనస్ 30 దాటింది. కారు తలుపు పిడికి చేతి తొడుగు అంటుకుని ఊడి వచ్చింది. అప్పుడు టీవీలో చూపించిన పటం గుర్తుంది. ఉత్తరాన పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు పారే గాలి నది తిన్నగా లేదు, పాములా మెలికలు తిరిగి ఉంది. ఒక మెలిక మా నెత్తి మీదికి దిగింది, ధ్రువపు గాలి దాంతో దిగింది. ఆ మెలికల పేరు రాస్బీ తరంగాలు. స్వీడన్ నుంచి వచ్చిన రాస్బీ 1939లో వాటి లెక్క రాసి, 1940ల్లో మా ఊరి విశ్వవిద్యాలయంలోనే పనిచేశాడు. తరంగం పుట్టిల్లు ఇక్కడే కాబట్టి మాకు అంత చలి న్యాయమే.

పాతరేడియో
మంచి మాట గుర్తు చేశారు, ఎందుకంటే మెట్ల కథలో రెండో సగం అదే. రాస్బీ తరంగానికి భూమి తిరగడం ఒక్కటే చాలదు, ఉత్తరానికి పోయేకొద్దీ ఆ తోపు పెరగడం కావాలి. గుండ్రటి భూమి మీద అది ఎలాగూ పెరుగుతుంది. ఆ తేడా వల్ల ఈ మెలికలు ఎప్పుడూ పడమరకే జరగబోతాయి. మీ నెత్తి మీద పడమటి గాలి వాటిని తూర్పుకు లాక్కుపోతుంది. రెండూ సరిసమానమైన రోజున మెలిక ఉన్నచోటే నిలబడిపోతుంది. 2010 జులై, ఆగస్టుల్లో అలా నిలబడితే రష్యాలో నేల మాడింది, అదే వరసలో పాకిస్తాన్ వరదల్లో మునిగింది.

సముద్రంలో లాక్కుపోయే గాలి లేదు, కాబట్టి అవి నిక్కచ్చిగా పడమరకే. నిదానం చూడండి: 15 డిగ్రీల దగ్గర సెకనుకు పది సెంటీమీటర్లు. బంగాళాఖాతం అడ్డంగా దాటడానికి ఇంచుమించు ఆరు నెలలు. అమెరికా అక్షాంశాల్లో అయితే పసిఫిక్ దాటడానికి ఏళ్లు. 1992లో ఎగిరిన టోపెక్స్ ఉపగ్రహం పై నుంచి మట్టాన్ని సెంటీమీటర్ల లెక్కన కొలిచింది. దాంతో 1996లో షెల్టన్, ష్లాక్స్ అనే శాస్త్రవేత్తలు చూస్తే, ఉష్ణమండలం దాటాక ఈ తరంగాలు పాత సిద్ధాంతం చెప్పిన దానికంటే వేగంగా నడుస్తున్నాయని తేలింది. సిద్ధాంతాన్నే సవరించుకోవాల్సి వచ్చింది.

అండమాన్ ఒడ్డు నుంచి కొంత కబురు ఇలా సముద్రం మధ్యగా నడిచి ఆర్నెల్లకు మన ఒడ్డుకు చేరుతుంది. ఉప్పుగాలి గారూ, మీరు అడిగిన అడ్డదారి ఉంది. అయితే ఒడ్డు దారిన మూడు వారాలు, అడ్డదారిన ఆరు నెలలు.

ఉప్పుగాలి
చుట్టుదారి త్వరగా చేరుస్తుందన్నమాట. మా ఊరి బస్సుకు ఇది చూపించాలి.

గ్రామఫోన్_గోపాలం
మాటలతో తృప్తి కలగక మా తాతగారి గ్రామఫోన్ బయటికి తీశాను. పళ్లెం మీద చిన్న స్టీలు గిన్నె, అందులో నాలుగు వేళ్ల నీరు. నిమిషానికి 33 చుట్లు. పావుగంట తిరగనిచ్చాను, అంటే నీరు కూడా గిన్నెతో పాటు తిరగడం నేర్చుకునే దాకా. అప్పుడు పై నుంచి నీలం సిరా ఒక్క చుక్క.

మామూలు గిన్నెలో సిరా పొగలా చెదిరిపోతుంది. ఇందులో చెదరలేదు. పై నుంచి అడుగు దాకా నిట్టనిలువు తెరలా దిగింది, పలచటి నీలం పరదా. ఆ పరదా మెల్లగా చుట్టుకుంటూ పోయింది గానీ పక్కకు వాలలేదు. తిరిగే నీటికి ఒక బిగువు వస్తుందని అప్పుడు నమ్మాను. మా అమ్మాయి పది సార్లు చేయించింది. గిన్నె జారి సిరా నీరు పళ్లెం మీద ఒలికి గ్రామఫోన్ మోటారు కాలిపోయింది. ఇక దాంట్లో పాట లేదు.

చికాగో_చలిమంట
గోపాలం గారూ, 1950ల్లో ఇక్కడ ఫుల్ట్జ్ అనే ఆయన తిరిగే తొట్టి అంచు వేడి చేసి, నడుమ చల్లబరిచి మా నెత్తి మీది మెలికలనే గిన్నెలో పుట్టించాడు. మీ మోటారు అమరవీరుల జాబితాలో చేరింది.

గ్రహాలపిచ్చి
తిరుగుడు వేగం మారిస్తే ఏమవుతుందో ప్రకృతే చేసి చూపించింది. శుక్రుడు ఒకసారి తిరగడానికి 243 రోజులు, గురుడికి పది గంటలు. శుక్రుడి మీద మబ్బులు గ్రహం కంటే ఎన్నో రెట్లు వేగంగా, నాలుగు రోజులకో చుట్టు తిరుగుతాయి. గురుడి మీద గాలి చారలు చారలుగా విడిపోయింది. శని ఉత్తర ధ్రువం చుట్టూ 78 డిగ్రీల దగ్గర గాలి నది ఆరు పలకలుగా వంగి ఉంది, వోయేజర్ వ్యోమనౌకల ఫొటోల్లో బయటపడింది. గీత గీసినట్టుండే ఆ ఆరు పలకలను కూడా చాలామంది రాస్బీ తరంగంగానే చూస్తారు. చికాగో గారి పాము అక్కడ తేనెపట్టు గది అయింది.

కొచ్చి_కాపురం
విశాఖ దాటాక ఆ తరంగం ఎక్కడికి పోతుంది? మా వైపు వస్తుందా?

పాతరేడియో
వస్తుంది. తమిళనాడు దిగి, శ్రీలంకను చుట్టి, మీ కేరళ ఒడ్డు ఎక్కుతుంది. దారిలో దాని నుంచి రాస్బీ తరంగాలు పడమరకు విడిపోతాయి. శీతకాలంలో లక్షదీవుల చుట్టూ సముద్ర మట్టం కాస్త ఉబ్బి ఉండడంలో వాటి చెయ్యి ఉంది. బంగాళాఖాతం కబురు అరేబియా సముద్రానికి చేర్చే టపా బంట్రోతు ఈ తరంగం.

తొమ్మిదోతరగతి_తల్లి
మా అమ్మాయి అడగమంటోంది: అన్ని ఏళ్లూ నవంబరులో ఇంతే లేస్తుందా?

పాతరేడియో
లేవదు. హిందూ మహాసముద్రంలో 1997లో లాగా భూమధ్యరేఖ మీద గాలి తిరగబడి తూర్పు నుంచి వీస్తే, కుంగాల్సిన చల్లనీటి సరిహద్దు పైకి లేస్తుంది, అదే దారిన మన ఒడ్డుకు మట్టం తగ్గించే కబురు వస్తుంది. మెట్లలెక్క గారు పుస్తకం మానకపోతే అలాంటి ఏడాది ఒకటి దొరుకుతుంది.

మెట్లలెక్క
రాత్రి ఇదంతా మా నాన్నకు చదివి వినిపించాను. సుమత్రా, కెల్విన్ అన్నప్పుడు తల ఊపలేదు. కుడి చెయ్యి మాట రాగానే ఆగమన్నారు. "కార్తీకంలో వల వేస్తే కాకినాడ వైపు లాగుతుంది, శివరాత్రి దాటితే భీమిలి వైపు. దానికీ ఇదేనా?" అన్నారు. నాకు తెలియక మీకే వదులుతున్నాను.

పాతరేడియో
దానికీ ఇదే. నవంబరులో ఒడ్డున మట్టం ఎత్తు. ఎత్తును కుడి చేతి వైపు ఉంచుకుని నీరు పారుతుంది, అంటే ముఖం కాకినాడ వైపు. మార్చిలో ఒడ్డు పల్లం, ఎత్తు లోపల ఉంది. దాన్ని కుడి పక్క ఉంచుకోవాలంటే ముఖం భీమిలి వైపు తిరగాలి. మీరు మెట్ల మీద రెండేళ్లు కొలిచిందీ, ఆయన వల లాగుడులో చూసిందీ ఒకటే. నాన్నగారికి నమస్కారం చెప్పండి.

మెట్లలెక్క
చెప్పాను. "నీరు అంత దూరం నుంచి వచ్చిందా?" అని అడిగారు. నీరు కాదు, తోపు వచ్చింది, పెళ్లి పంక్తిలో విస్తరి చేతులు మారినట్టు అన్నాను. "అయితే వడ్డించేవాడు సుమత్రాలో ఉన్నాడన్నమాట" అన్నారు.

నా సుద్ద గీతలు మొన్నటి వానకు పోయాయి. కార్తీక పున్నమికి పడవలకు వేసే ఎర్ర రంగు డబ్బా తెచ్చుకున్నాను, ఎనిమిదో మెట్టు పక్క గోడ మీద గీస్తాను. పోటు నిండే వేళ పట్టిక ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి.

ఉప్పుగాలి
నా దగ్గర ఉంది, రేపు పెడతాను. చంద్రుడి దూరం కూడా పక్కన రాస్తాను, మళ్లీ నేనే అడగకుండా.